నిజాంపేటలో ఫ్లాట్ కొనడానికి ఐదేళ్లు

2019 ఆగస్టులో ఒక ఆదివారం, మేము అద్దెకుంటున్న ఇంటికి రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ చూసి వచ్చాము. 1,150 చదరపు అడుగులు, తూర్పు గుమ్మం, కట్టి మూడేళ్లయింది. అడుగు 4,200 రూపాయల చొప్పున మొత్తం 48 లక్షల 30 వేలు చెప్పారు. ఆ రాత్రి భోజనాలయ్యాక పాత డైరీ వెనక పేజీల్లో లెక్క వేసి, ఇంకొక్క ఏడాది ఆగుదామని నేనూ మా ఆవిడా నిశ్చయించుకున్నాము. ఆ ఒక్క ఏడాది ఐదేళ్లయింది. 2024 అక్టోబరులో అదే కాలనీలో, అదే ఏడు కట్టిన మరో భవనంలో, దానికంటే 30 అడుగులు మాత్రమే పెద్దదైన ఫ్లాటును 71 లక్షలకు రిజిస్టర్ చేయించుకున్నాము. నేను జమాఖర్చులు చూసుకునే ఉద్యోగిని కనుక, మధ్యలో అడిగిన ప్రతి ధరా, వేసిన ప్రతి లెక్కా తేదీతో సహా ఆ డైరీలో రాసి ఉంచాను. కింద రాసినదంతా దాన్ని ముందు పెట్టుకుని రాసినదే.

మా ప్రాంతం గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. నిజాంపేట హైదరాబాదుకు వాయవ్య దిక్కున, జేఎన్‌టీయూ కూడలికీ బాచుపల్లికీ నడుమ ఉంటుంది. మేము 2016లో ఇక్కడికి వచ్చినప్పుడు రెండు పడకగదుల ఇంటికి 11,000 అద్దె ఇచ్చాము. మరుసటి ఏడాది నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో మొదలైంది. మాధాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తూ అక్కడి అద్దెలు భరించలేని ఉద్యోగులు, పిల్లల చదువుల కోసం జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు, అందరూ ఇటువైపే చూడసాగారు. పక్కనున్న ఖాళీ స్థలాల్లో ఒక్కొక్కటిగా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి, ఆ తరువాత వాటి వెనక ఆకాశమంత టవర్లు లేచాయి. హైదరాబాదులో స్థల విస్తీర్ణానికి ఇంత నిష్పత్తిలోనే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ మాత్రమే ఎత్తును నిర్ణయిస్తాయి. అంతమేరకు ఇళ్ల సంఖ్య పెరిగితే ధర నిలకడగా ఉండాలి కదా అని నేను అప్పట్లో అమాయకంగా అనుకునేవాణ్ని. ఎక్కువ కట్టుకోవచ్చని తెలిశాక స్థలం అమ్మేవారు ఆ లాభాన్ని ముందే గజం ధరలో కలుపుకుంటారన్న సంగతి తరువాత గాని అర్థం కాలేదు.

2019 నాటి లెక్క ఇది. బ్యాంకు 80 శాతం అప్పు ఇస్తే 38 లక్షల 64 వేలు వస్తుంది, మిగిలిన 9 లక్షల 66 వేలు మేము పెట్టుకోవాలి. స్టాంపు సుంకం 4 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము అర శాతం కలిపి అప్పట్లో 6 శాతం ఉండేది కనుక దానికి మరో 2 లక్షల 90 వేలు. అంటే చేతిలో పన్నెండున్నర లక్షలు ఉండాలి, మా దగ్గర 8 లక్షలున్నాయి. ఈఎంఐ ఇరవై ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 33,500 వచ్చింది, మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 85,000. ఈఎంఐ కట్టగలం, కాని తలుపు దాటి లోపలికి వెళ్లడానికి నాలుగున్నర లక్షలు తక్కువయ్యాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మా ఆదాయవర్గానికి వడ్డీ రాయితీగా 2 లక్షల 35 వేల దాకా వచ్చేదని తెలుసు, కాని అది అప్పు తీసుకున్న తరువాత అప్పు ఖాతాలో జమయ్యేదే తప్ప ముందుగా చేతికి వచ్చేది కాదు. ఆ పథకం మధ్యతరగతివారికి 2021 మార్చి 31తో ముగిసిపోయింది. డైరీలో ఆ తేదీ పక్కన ఎర్రసిరాతో ఒక గీత ఉంది. అది మా ఆవిడ గీసింది.

తరువాత వచ్చిన రెండేళ్ల గురించి ఎక్కువ రాయను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, మా ఆవిడ పనిచేసే బడి జీతాన్ని సగం చేసింది, ఆ సగం కూడా కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చేది. రిజర్వు బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ అయిన రెపో రేటును 4 శాతానికి తగ్గించింది, గృహరుణాలు 7 శాతం లోపే దొరికాయి, ధరలూ కదలకుండా ఉన్నాయి. ఇల్లు కొనడానికి అంతకంటే మంచి అదను మళ్లీ రాలేదు. ఆ అదనులోనే మా ఆదాయం అన్నిటికంటే తక్కువగా ఉంది, పొదుపులోంచి లక్షా అరవై వేలు ఇంటి ఖర్చుకు తీశాము. అప్పు చౌకగా దొరికే రోజుల్లో అప్పు పుట్టించుకునే స్థితి మాకు లేకపోయింది.

2021 జులై 22 నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి ఏడున్నర శాతానికి పెరిగింది. అదే రోజు నుంచి, రాష్ట్రం ఏర్పడ్డాక మొదటిసారిగా, సుంకం లెక్కకు ఆధారమైన ప్రభుత్వ విలువలను కూడా పెంచారు. 2022 ఫిబ్రవరిలో మళ్లీ పెంచారు. ఆ ఏడాది మే నెల నుంచి రెపో రేటు మెట్లెక్కడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరి నాటికి ఆరున్నరకు చేరింది. మా వీధిలో అడుగు ధర 2022 చివరికి 5,000 దాటింది. మా అద్దె 11,000 నుంచి మొదలై అప్పటికి 18,000 అయింది, 2024లో 22,000 అయింది. ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. ఏటా జనవరిలో యజమానిగారి అబ్బాయి వచ్చి, "అన్నా, ఈసారి చుట్టుపక్కల ఎంత నడుస్తుందో మీకు తెలిసిందేగా" అని మెల్లగా చెప్పి వెళ్లేవాడు. ఆ మాట వినడం కంటే ఎవరైనా గట్టిగా అడిగితే బాగుండుననిపించేది.

2024 జనవరి నుంచి మేము గట్టిగా వెతకడం మొదలుపెట్టాము. అప్పటికి పొదుపు 21 లక్షలు. మొదట కొత్త ఇళ్లు చూద్దామని బాచుపల్లి వైపు వెళ్లాము. అమ్మకాల కార్యాలయాల్లో ఏసీ గదులు, గాజు పెట్టెలో ప్రాజెక్టు నమూనా, దాని చుట్టూ మిలమిల మెరిసే చిన్న చిన్న దీపాలు ఉంటాయి. మాకు కావలసింది రెండు పడకగదులని చెప్పగానే అక్కడి కుర్రవాడు జాలిగా నవ్వి, "టూ బీహెచ్‌కే ఇప్పుడు ఎవరూ కట్టడం లేదు సార్, మా దగ్గర పదహారు వందల యాభై నుంచి మొదలు" అన్నాడు. అడుగు 7,400. లెక్క చూస్తే కోటీ 22 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఇల్లు కనుక 5 శాతం జీఎస్టీ, అంటే 6 లక్షలకు పైగా. క్లబ్‌హౌస్, పార్కింగ్, ముందుగా కట్టే నిర్వహణ నిధి అయిన కార్పస్ ఫండ్ వేరు. ఆరో అంతస్తు దాటితే ఒక్కో అంతస్తుకూ అడుగుకు ఇంతని అదనం, తూర్పు ముఖానికి అదనం, మూల ఫ్లాటుకు అదనం. అప్పు 75 లక్షలు మించితే బ్యాంకులు ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కనుక, మేము పెట్టుకోవలసిన వాటాయే 30 లక్షలు దాటుతుంది. ఇలాంటి కార్యాలయాలు ఆరు చూశాము. ఆరింటిలో ఒక్కదానిలోనే రెండు పడకగదుల ఇళ్లు ఉన్నాయి, అవీ అయిపోయాయన్నారు.

జీఎస్టీ చట్టం ప్రకారం 45 లక్షల లోపు ధరా, హైదరాబాదు వంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలు కాక ఇంటి లోపలి విస్తీర్ణం, ఉంటేనే అది అందుబాటు ధర ఇల్లు, దానికి ఒక్క శాతమే పన్ను. ఈ పరిమితులు 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. మేము వెతికిన ఆరు నెలల్లో మియాపూరు, బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేటల్లో ఆ నిర్వచనంలో ఇమిడే కొత్త ఇల్లు ఒక్కటి కూడా మా కంటపడలేదు.

ఈ దశలోనే ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే తక్కువ ధరకు అమ్మే ఇంటి, ఆశ కలిగింది. తెలిసినవారి ద్వారా ఒకాయన ఫోను చేసి, ఔటర్ రింగు రోడ్డు బయట వచ్చే టవర్లలో అడుగు 3,200కే ఇస్తున్నారని, మొత్తం సొమ్ము ఒకేసారి కట్టాలని, కట్టినవారికి స్థలంలో అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తారని చెప్పాడు. మొత్తం సొమ్ము 36 లక్షలవుతుంది. 21 లక్షలున్నవాడికి అది అందని మొత్తం కాదు, ఊళ్లో పొలం అమ్మితే సరిపోతుంది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు, ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసి నియంత్రించే సంస్థ రెరా ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నారు. 2016 రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషను లేకుండా ఇంటిని ప్రకటించడమే తప్పు, బుకింగ్ తీసుకోవడం సరేసరి. పదమూడో సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. ఆయన నూటికి నూరు వంతులూ అడుగుతున్నాడు. అవిభాజ్య వాటా అంటే ఖాళీ స్థలంలో ఇన్ని గజాలు మనవని కాగితం మాత్రమే. ఆ గజాలెక్కడున్నాయో, వాటిపైన ఏ అంతస్తు వస్తుందో, అసలు అనుమతి వస్తుందో రాదో ఆ కాగితం చెప్పదు. ఊళ్లో పొలం అలాగే ఉంది.

చౌకగా దొరికే చోటు లేకపోలేదు. బీరంగూడ వైపు, అమీన్‌పూర్ వైపు అదే పరిమాణం ఫ్లాట్లు అడుగు 4,600కు చూశాము. మా ఆవిడ బడి కూకట్‌పల్లిలో, నా ఆఫీసు మాధాపూరులో. ఒక పనిదినాన ఉదయం ఎనిమిదింటికి బీరంగూడ నుంచి బండి మీద బయలుదేరి చూశాను. ఇప్పటి ప్రయాణం కంటే పోను రాను కలిపి గంటంబావు ఎక్కువైంది. దానికి తోడు జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పాటై చెరువుల పరిధిలో కట్టిన ఇళ్లను కూల్చడం మొదలయ్యాక, అంతవరకూ గుమ్మం ఏ దిక్కుకుందని అడిగేవారు చెరువు ఎంత దూరంలో ఉందని అడగసాగారు. పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలన్నది 2012 నాటి భవన నిబంధనల్లోనే ఉంది. అది అంతకుముందు చదివినవాళ్లు తక్కువ. నేనూ చదవలేదు. ప్రగతినగర్ చెరువుకు దగ్గరలో మేము ఇష్టపడ్డ ఒక ఫ్లాటును, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటంలో హద్దు చూసి, పక్కకు పెట్టేశాము. అది ఖాళీగా వదలవలసిన ఆ బఫరులో ఉందని కాదు, గీత ఎంత దగ్గరగా ఉందో చూశాక మాకు ధైర్యం చాలలేదు.

అలా తిరిగి తిరిగి మా కాలనీకే వచ్చాము, పాత ఫ్లాట్లకే వచ్చాము. పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు, కట్టే అద్దె ఆగిపోతుంది, గోడలో చెమ్మ ఉంటే కంటికి కనిపిస్తుంది. చూసినవాటిలో ఒకటి అయిదో అంతస్తులో బ్రహ్మాండంగా ఉంది, ధర కూడా తక్కువ. మంజూరైన ప్లాను తెప్పిస్తే స్టిల్టు, అంటే కింద వదిలిన పార్కింగు అంతస్తు, మీద నాలుగు అంతస్తులకే అనుమతి ఉంది. ఆ అయిదో అంతస్తుకు కాగితమంటూ ఉన్నది 2015 నాటి క్రమబద్ధీకరణ పథకానికి పెట్టిన దరఖాస్తు రసీదు ఒక్కటే. మరో భవనంలో అంతా సక్రమంగానే ఉంది కాని, నిర్వహణ సంఘం కార్యదర్శిని అడిగి ఏప్రిల్, మే నెలల ఖర్చుల పుస్తకం చూస్తే సగం సొమ్ము నీళ్ల ట్యాంకర్లకే పోయింది. ఈ ప్రాంతంలో ఇల్లు చూసేవారు సంక్రాంతికి చూడకూడదు, ఎండాకాలంలో చూడాలి, లేదా కనీసం ఎండాకాలపు పుస్తకం చూడాలి.

చివరికి కుదిరిన ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. యజమానులు బెంగళూరుకు మారిపోయిన దంపతులు. 1,180 అడుగులని దస్తావేజులో ఉంది. నేనూ మా అమ్మాయీ టేపు పట్టుకుని ఒక సాయంత్రం గది గదీ కొలిచాము. హాలు, రెండు గదులు, వంటిల్లు, స్నానపు గదులు, లోపలి గోడల మందంతో సహా కలిపితే 830 వచ్చింది. బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, నడవాలో వాటా, అన్నీ చేరితేనే 1,180. అడుగు 6,017 అనుకుని సంతోషించిన ధర, కాలు పెట్టే చోటుతో భాగిస్తే 8,554 అయింది. ఇది మోసం కాదు, పాత ఫ్లాట్లన్నీ ఈ లెక్కనే అమ్ముతారు. రెరా కింద కొత్త ప్రాజెక్టులు కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి, పాతవాటికి ఆ గొడవ లేదు. అయితే రెండు ఫ్లాట్ల ధర పోల్చేటప్పుడు ఒకదానిలో ఈ తేడా 30 శాతం, ఇంకోదానిలో 24 శాతం ఉంటే అడుగు ధరల పోలికకు అర్థమే లేదు. అప్పటి నుంచి డైరీలో ఇంకో గడి గీసి, కొలిచిన అడుగులతోనే లెక్క రాశాను. అప్పటికి చూసినవాటిలో అన్నిటికంటే చౌక అనుకున్న ఫ్లాటు ఆ గడిలోకి వచ్చేసరికి మూడో స్థానానికి జారింది.

74 లక్షల దగ్గర మొదలైన బేరం 70 దగ్గర ఆగింది. టోకెన్ ఇచ్చే రోజున యజమానిగారు ఫోనులో, చాలా మర్యాదగా, "డీడ్‌లో యాభై రాసుకుందామండీ, మిగతాది చేతికి ఇచ్చేయండి, మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది" అన్నారు. మధ్యవర్తి తల ఊపాడు, అది అక్కడ అందరూ చేసే పనే అన్నట్టు. నేను మర్నాటికి సమయం అడిగి లెక్క వేశాను. 20 లక్షలు దాచిపెడితే సుంకంలో లక్షన్నర మిగులుతుంది. కాని బ్యాంకు అప్పు దస్తావేజులో రాసిన ధరకే ఇస్తుంది. 50 లక్షలకు 80 శాతమంటే 40 లక్షలు, మిగిలిన 30 లక్షలూ సుంకమూ మేము పెట్టుకోవాలి. పూర్తి ధర రాస్తే సుంకంతో కలిపి మా వాటా 20 లక్షల లోపే. లక్షన్నర ఆదా చేయడానికి 14 లక్షలు ఎక్కువ తెచ్చుకోవాలన్నమాట. చేతిలో సొమ్మున్నవాడికే ఈ పద్ధతి గిట్టుబాటు, జీతం మీద అప్పు తెచ్చుకునేవాడికి కాదు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 గానీ అంతకుమించి గానీ నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 నుంచి ఉంది, దొరికితే పుచ్చుకున్నంతా జరిమానా. ఈ చివరి మాట నేను యజమానిగారికి చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, మొత్తం చెక్కు రూపంలో అయితే 71 లక్షలు కావాలన్నారు. నిజాయితీ ఖరీదు లక్ష రూపాయలని మా ఆవిడ డైరీలో రాసింది.

ఆ తరువాత కాగితాల పని. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో, ఆస్తి మీద నమోదైన లావాదేవీలూ తాకట్లూ చూపే ఈసీ తీస్తే ఆ ఫ్లాటు మీద ఒక బ్యాంకు పేరిట టైటిల్ డీడ్స్ తాకట్టు నమోదై ఉంది. యజమానిగారు అది మాకు చెప్పలేదు. అడిగితే, "అయ్యో, అది చిన్న బ్యాలెన్సేనండీ" అన్నారు. చిన్నది కాదు, 11 లక్షలుంది. అసలు దస్తావేజులన్నీ ఆ బ్యాంకులోనే ఉన్నాయి. మా లాయరుగారి సలహాతో అమ్మకపు ఒప్పందంలోనే ఒక షరతు రాయించాము. మా వాటాలోంచి 11 లక్షలు యజమాని చేతికి కాకుండా నేరుగా ఆయన అప్పు ఖాతాకే జమచేయాలి, ఖాతా మూసిన పత్రమూ దస్తావేజులూ వచ్చి తాకట్టు విడుదల ఈసీలో కనిపించాకే రిజిస్ట్రేషన్ జరగాలి. 2023 డిసెంబరు నుంచి అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకులు అసలు పత్రాలు తిరిగి ఇచ్చితీరాలి, ఆలస్యానికి రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. పత్రాలు 18 రోజుల్లో వచ్చాయి. ఆ 18 రోజులూ, మాది కాని ఇంటి అప్పును మా కష్టార్జితంతో తీర్చి కూర్చున్న రోజులు. ఆ దిగులు ఇక్కడ రాయలేను. మిగిలినవి, అంటే పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు, మంజూరు ప్లాను, అనుమతి సమయంలో బిల్డరు తనఖా పెట్టిన పది శాతం విస్తీర్ణంలో ఈ ఫ్లాటు లేదన్న నిర్ధారణ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు లేకపోవడం, అన్నీ లాయరుగారు వారంలో చూసి పెట్టారు.

ఆ తరువాత మా బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజినీరు వచ్చారు. ఇరవై నిమిషాలు ఉన్నారు. గోడలు తట్టి చూశారు, ఫొటోలు తీశారు, ఒకసారి మెట్లు ఎక్కి దిగారు. భవనం వయసు ఎనిమిదేళ్లు కనుక తరుగు పోను 66 లక్షలని రాశారు. బ్యాంకు ఒప్పందపు ధర, తాము కట్టిన విలువ, ఈ రెంటిలో తక్కువదాని మీదే అప్పు ఇస్తుంది. 66 లక్షలకు 80 శాతం 52 లక్షల 80 వేలు. మేము అనుకున్నదానికంటే సరిగ్గా 4 లక్షలు తక్కువ. ఒక్క కాగితం మీద, ఇరవై నిమిషాల్లో 4 లక్షలు పోయాయి. వాదించడానికి బ్రాంచికి వెళ్లాను. మేనేజరమ్మగారు ఓపిగ్గా విని, "మీరు ఎక్కువ పెట్టి కొంటున్నారని కాదండీ, రేపు అమ్మాల్సి వస్తే మాకు ఎంత వస్తుందన్నదే మా లెక్క" అన్నారు. ఆమె చెప్పింది న్యాయమే, ఆ న్యాయానికి నాలుగు లక్షలు మేము వెతుక్కోవాలి.

ఇక మొత్తం ఇలా తేలింది. మా వాటా 18 లక్షల 20 వేలు. ఏడున్నర శాతం చొప్పున రిజిస్ట్రేషన్ 5 లక్షల 32 వేల 500. ఈ రెండే 23 లక్షల 52 వేలు దాటాయి. మధ్యవర్తికి ఒక శాతం, అంటే 71,000, బ్యాంకు ప్రాసెసింగ్, లాయరు, విలువ మదింపు, తాకట్టు నమోదు కలిపి 45,000, సంఘానికి బదిలీ రుసుము 25,000, దస్తావేజు రాతకూ చిల్లరకూ 10,000, పన్ను రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్‌కు 7,100, సున్నాలకూ కుళాయిలకూ 90,000. అంతా కలిపి 26 లక్షలు. దగ్గర 21 ఉంది. ఐదేళ్లలో 13 లక్షలు కూడబెట్టిన తరువాత కూడా లోటు 5 లక్షలు. 2019లో లోటు నాలుగున్నర.

ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. 2024లో మా జీతాలు కలిపి లక్షా పాతిక వేలు, ఈఎంఐ 45,821. అంటే ఆదాయంలో 37 శాతం లోపు. 2019లో అది 39 శాతం పైన ఉండేది. ఈఎంఐతో కొలిస్తే ఇల్లు మాకు కొంచెం చేరువైనట్టే. కాని మా వాటా, రిజిస్ట్రేషన్ ఈ రెండింటినే పోల్చినా, 2019లో అది పదిహేను నెలల జీతం, 2024లో దాదాపు పంతొమ్మిది నెలల జీతం. ధర అడుగుకు 43 శాతం పెరిగితే గడప దగ్గర పెట్టవలసిన సొమ్ము 87 శాతం పెరిగింది. సుంకం శాతం పెరగడం కొంత, భవనం పాతబడి బ్యాంకు విలువ తగ్గడం కొంత, వెరసి అప్పు రూపంలో రాని భాగమే ఎక్కువ పెరిగింది. ఇళ్ల ధరల మీద వార్తల్లో వచ్చే కొలమానాలు చాలావరకు ఈఎంఐని ఆదాయంతో పోల్చేవే. మాలాంటివారిని ఐదేళ్లు బయట నిలబెట్టింది ఈఎంఐ కాదు.

5 లక్షల్లో 3 లక్షల 20 వేలు నా పీఎఫ్ నుంచి తీశాను. ఇల్లు కొనడానికి అయిదేళ్ల సభ్యత్వం ఉన్నవారికి అప్పట్లో ఆ వీలుండేది. మిగిలిన లక్షా ఎనభై వేలకు మా ఆవిడ గొలుసు, నాలుగు గాజులు బ్యాంకులో పెట్టింది. నేను అడగలేదు, ఆమే బీరువా తీసింది.

రిజిస్ట్రేషన్ రోజున సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉదయం పదిన్నరకు కూర్చుంటే సాయంత్రం నాలుగైంది. చలానా ముందురోజే కట్టాము. అమ్మేవారి సొమ్ములో ఒక శాతం, 71,000, ఆదాయపు పన్ను కింద మినహాయించి అప్పటి 26క్యూబీ ఫారంలో నేనే జమచేయవలసి వచ్చింది. ధర 50 లక్షలు అందుకున్న ఆస్తులన్నిటికీ ఇది తప్పదు, మరిచిపోతే వడ్డీ, జరిమానా కొనేవాడి మీదే పడతాయి. మా ఆవిడ వేలిముద్ర యంత్రంలో మూడుసార్లు పడలేదు. గుమస్తా ఒక తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, నాలుగోసారి పడింది. "టీచరమ్మా మీరు?" అని అడిగాడు. ఔనంది. "సుద్దముక్క పట్టుకునేవాళ్లందరికీ ఇంతేనమ్మా" అన్నాడు. దస్తావేజులో మా పేర్లకింద 1,180 అడుగులతో పాటు 38 గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంది.

మొదటి నెల కట్టిన 45,821 రూపాయల్లో 37,400 వడ్డీకి పోయింది, అసలులో తరిగినది 8,421. ఏడాదికి నాలుగున్నర లక్షల వరకు వడ్డీ కడితే పాత పన్ను విధానంలో మినహాయింపు వచ్చేది రెండు లక్షలకే. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు ఒక శాతం తగ్గింది. మా బ్యాంకు ఈఎంఐని అలాగే ఉంచి గడువులో దాదాపు ముప్పై నెలలు తగ్గించినట్టు సందేశం పంపింది. ఈఎంఐ తగ్గించి నగలు విడిపించుకుందామా అని ఒక పూట తర్జనభర్జన పడి, గడువు తగ్గడమే మేలని వదిలేశాము.

మేము ఖాళీ చేసిన ఇంట్లోకి మాధాపూరులో పనిచేసే ఒక యువజంట వచ్చింది, అద్దె 25,000. ఆ అబ్బాయి నెల రోజుల క్రితం మెట్ల దగ్గర కలిసి, "అంకుల్, ఈ చుట్టుపక్కల టూ బీహెచ్‌కే ఎంతుంటుంది?" అని అడిగాడు. ఎంతుందో చెప్పకుండా, చేతిలో ఎంతుందని అడిగాను. ఏడు లక్షలన్నాడు. ఇంటికి రమ్మని పిలిచి డైరీ అతని ముందు పెట్టాను. అతను ఫోనుతో పేజీలు ఫొటో తీసుకుంటుంటే మా ఆవిడ కాఫీ తెచ్చిచ్చింది, ఆమె చేతికి ఒక్క జత గాజులే ఉన్నాయి.